గోడ కింది బావి

మొన్న మా మనవరాలు పేపరు చదివి వినిపిస్తూ ఉంది. నాకు కళ్ళు మసకబారినప్పటినుంచి ఆదోనిలోని ఈ ఇంట్లో పొద్దున కాఫీ తర్వాత అదొక ఆచారం. పత్తి ధరలు, తెలిసినవాళ్ళ చావు కబుర్లు, ఎండ ఎంత కాస్తుందన్న వివరం అయ్యాక మొదటి పేజీకి వచ్చింది. ఏటి నీళ్ళ గురించి రెండు రాష్ట్రాల పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, ఏమీ తేలక లేచిపోయారట. పైవాళ్ళు మా వాటాకు మించి తాకలేదంటారు, కిందివాళ్ళు మా దాకా రానే లేదంటారు. పిల్ల పేపరు మడిచి, "నీళ్ళమీద గీత గీస్తే నిలబడుతుందా అవ్వా, ఎట్ల పంచుకుంటారు?" అని అడిగింది. గీత ఏం ఖర్మ, మా ఇంట్లో గోడే కట్టినారు అన్నాను. నేను పరాచికాలాడుతున్నాననుకుని తన టిఫిన్ డబ్బా సర్దుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. పరాచికం కాదు. ఆ గోడకు ఇటుపక్క నిలబడి మూడేళ్ళు నీళ్ళు చేదాను నేను.

నేను ఎమ్మిగనూరుకు కోడలిగా పోయింది కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో. బళ్ళారి మైసూరు దిక్కు పోయింది, మా ఆదోని ఇటు నిలిచింది. నలుగురు మగవాళ్ళు ఎక్కడ చేరినా ఏ తాలూకా ఎవరికి పోవాలి, డ్యాము నీళ్ళు ఎవరికి ఎన్ని రావాలి అనే మాటే. నాకు మాత్రం ఆదోని దాటి ఎమ్మిగనూరు రావడమే పరదేశం పోయినంత పని. పుట్టింట్లోనూ మగ్గాలే కాబట్టి అత్తగారి వీధిలో తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు, పడుగుకు పెట్టే గంజి వాసన నాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది నీళ్ళ రుచి. ఆ వీధిలో ఏ బావిలో చేదినా ఉప్పునీళ్ళే. పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగొచ్చేది కాదు. మా పెరటిబావి ఒక్కటే తియ్యగా ఉండేది. ఎందుకో ఎవరికీ తెలియదు. నేను కాపురానికి వచ్చేసరికే చనిపోయిన మా మామగారు తవ్వించిన బావి అది. తాగే నీళ్ళకు బిందె పట్టుకుని వచ్చే ఆడవాళ్ళకు మా అత్త నడవలో కూర్చుని, తమలపాకులు దంచుకుంటూ, మహారాణి వరాలిచ్చినట్టు తలూపేది.

ఆ ఇంట్లో ఇద్దరన్నదమ్ములు. పెద్దాయన, మా బావగారు, నూలుకు రంగు అద్దేవారు. చిన్నాయన, అంటే మా ఆయన, ఆ నూలుతో చీరలు నేసేవాడు. పెరడంతా దండేలమీద ఎరుపు, నీలం నూలు చిలపలు ఆరుతుంటే వాటి కింద తల వంచుకుని బావి దగ్గరికి పోవాలి. పోయి వచ్చేసరికి ఏదో ఒక రంగు చుక్క నా కొంగుమీద పడేది. బావగారి భార్యను నేను అక్కా అనేదాన్ని. ఆమెది సిరుగుప్ప దిక్కు పల్లె. తెలుగు మాట్లాడితే కన్నడం వినిపించేది, కన్నడం మాట్లాడితే తెలుగు వినిపించేది. నన్ను తంగీ అని పిలిచేది. కన్నడంలో చెల్లెలని అర్థం. కాపురానికి వచ్చిన మొదటి వారంలో నేను తట్టిన జొన్నరొట్టె చూసి, ఇది రొట్టె కాదు తంగీ, మైసూరు రాష్ట్రం పటం అని, నా చేతులు పట్టుకుని గుండ్రంగా తిప్పడం నేర్పింది. మాకు పిల్లలు ఇంకా లేరు, ఆమెకూ లేరు. కండెలు చుట్టుకుంటూ పగలంతా కబుర్లే.

ఇల్లు విడిపోయింది ఒక పడుగు వల్ల. పెద్ద పండక్కి నేసిన ఎర్రచీరల్లో రంగు అక్కడక్కడా పాలిపోయి తేలింది. రంగు సరిగా పట్టించలేదని తమ్ముడన్నాడు. గంజి పెట్టడం చేతకాక రంగును తినేశావని అన్న అన్నారు. ఆ మాట మొదలు చిన్నప్పటి గోలీకాయల లెక్కవరకూ పోయింది. చివరికి పెద్దమనుషులు తాడు పట్టి వీధి వాకిలినుంచి పెరటి గోడదాకా ఇంటికి నడుమ గీత గీశారు. ఆ గీత నేరుగా వెళ్ళి బావి నడుమన పడింది. ఇటో అటో మూరెడు జరుపుకోమని ఎంత చెప్పినా ఇద్దరూ ఒప్పుకోలేదు. బావి మూతికి అడ్డంగా రాతిదూలం వేసి, దానిమీద ఇద్దరు మనుషుల ఎత్తు గోడ లేపారు. అటు సగం నోరు వాళ్ళది, ఇటు సగం మాది, ఎవరి గిలక వాళ్ళది. దూలం కింద బావి మాత్రం ఎప్పటిలాగే ఒక్కటే.

అత్తను కూడా పంచుకున్నారు. ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ. పాడ్యమినాడు ఆమె తన చిన్న పెట్టె, తమలపాకుల రోలు పట్టుకుని ఒక వాకిట్లోనుంచి దిగి, పక్క వాకిట్లోకి ఎక్కేది. ఒకసారి అధికమాసం వస్తే అది ఎవరి లెక్కలోకి వస్తుందని అన్నదమ్ములు తేల్చుకోలేకపోయారు. మీకు తేలేదాకా నేను వీధి అరుగుమీద ఉంటాలే అని ఆమె రోలు అక్కడే పెట్టుకుని కూర్చుంటే, వీధిలో పరువు పోతుందని ఇద్దరూ ఒకేసారి పరుగెత్తుకొచ్చి పిలిచారు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయాల్సినా ఆమే రాయబారి. మోసేటప్పుడు ఆ మాటల్లో కారం తగ్గించేదని నాకు చాలాకాలానికి తెలిసింది.

మొగుళ్ళకు మాటల్లేనప్పుడు పెళ్ళాలు మాట్లాడుకోవడం మర్యాద కాదు. వీధిలో ఎదురుపడితే నేనూ అక్కా తలలు వంచుకుని పోయేవాళ్ళం. కానీ బావి దగ్గర గిలక కిర్రుమంటుంటే ఆ చప్పుడులో ఎంతైనా మాట్లాడుకోవచ్చు. నా చేద, ఆమె చేద దూలం కింద ఒకదానికొకటి తగిలి మోగేవి. అది మా పలకరింపు. గోడకవతల గాజుల చప్పుడు విని ఆమె మనసు బాగుందో లేదో చెప్పగలిగేదాన్ని. మగవాళ్ళేమో సంత దగ్గర టీకొట్లో ఒకే బల్లమీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చునేవాళ్ళట. పేపర్లో డ్యాము సంగతి వస్తే మా ఆయన కొట్టువాడితో, పై ఊరోళ్ళు పట్టి పెట్టుకుంటే కిందోళ్ళు ఏం తాగాల అనేవాడట. దానికి బావగారు కూడా అదే కొట్టువాడితో, అదే నేననేది అని తలూపేవారట. ఏటి విషయంలో వాళ్ళిద్దరికీ ఎన్నడూ తేడా రాలేదు.

గోడ లేచిన మూడో ఏడు వానలు మొండిచేయి చూపాయి. ఎండలు ముదిరేసరికి వీధిలో ఉప్పుబావులు కూడా ఎండిపోయాయి. మా బావిలో తాడు మీద తాడు ముడివేసి చేదాల్సి వచ్చింది. రంగు అద్దిన నూలును జాడించడానికి బానలకు బానలు నీళ్ళు కావాలి, ఒకసారి కాదు, రంగు కారడం ఆగేవరకూ. గోడకవతల ఆ నీళ్ళు పారబోస్తున్న చప్పుడు వినిపించినప్పుడల్లా గుంటమగ్గంలో కూర్చున్న మా ఆయన చేతిలో అటూ ఇటూ ఆడే నాడె ఆగిపోయేది. తాగే నీళ్ళను నేలపాలు చేస్తున్నాడని అత్తతో చెప్పి పంపాడు. రంగు నా కూడు, దాన్ని మానుకోమంటాడా అని బావగారు తిరిగి చెప్పి పంపారు. చివరికి పొద్దున వాళ్ళు, సాయంత్రం మేము చేదుకునేటట్టు వంతు పెట్టుకున్నారు. వంతు పెట్టుకున్నాక కరువు రెండింతలైంది. రేపు ఉండవేమోనన్న భయంతో ఎవరి వంతులో వాళ్ళు అవసరానికి మించి తోడి దాచుకోవడం మొదలుపెట్టాం. మా ఇంట్లో గంగాళాలు, కడవలు అయిపోయి, ఊరగాయ జాడీలో కూడా నీళ్ళు పోశాను. ఆ వేసవంతా మా మంచినీళ్ళు కాస్త మెంతికారం వాసన వేసేవి.

సాయంత్రం మా వంతు వచ్చేసరికి అడుగున బురదే తగిలేది. నాకప్పుడు కడుపు. అక్కకు ఆ సంగతి అత్త చెప్పింది. ఒకరోజు నేను చేదను నీళ్ళదాకా దించకముందే, దూలం కిందే బరువెక్కి తాడు బిగుసుకుంది. పైకి లాగితే నిండా తేటనీళ్ళు. అక్క పొద్దున తోడి దాచిన నీళ్ళను తన చేదలో పోసి, దూలం కింద దాకా దించి, వాటంగా ఊపి నా చేదలోకి ఒంపింది. సగం బావిలోనే పడిపోయేవి, పడితే మాత్రం ఎక్కడికి పోతాయి, మళ్ళీ అందరివీ అవుతాయి. రోజూ ఒక చేద అట్లా దొంగతనంగా సరిహద్దు దాటి వచ్చేది. మా ఆయనకు చెప్పలేదు. నీళ్ళు తేటగా ఎట్లా దొరికాయని ఆయనా అడగలేదు.

ఆ రోజుల్లోనే అక్క పుట్టింటినుంచి కబురొచ్చింది. వాళ్ళ పల్లెకు డ్యాము కొత్త కాలువ అప్పటికే చేరింది. పై ఊరు కాబట్టి వీళ్ళకు ముందు పారింది. నీళ్ళు ఎత్తుకు ఎక్కాలని కాలువకు అడ్డంగా రాళ్ళూ ముళ్ళకంపా వేశారు. కింది ఊరివాళ్ళు వచ్చి తీసేయమన్నారు, వీళ్ళు తీసేది లేదన్నారు. కట్టెలతో జరిగిన కొట్లాటలో అక్క తమ్ముడి చెయ్యి విరిగింది. అంతకంటే పెద్ద దెబ్బ, ఆమె చెల్లెల్ని ఇస్తామనుకున్నది ఆ కింది ఊరికే. ఆ సంబంధం తెగిపోయింది. గోడకవతల గిలక తిరగడం ఆగింది. ఇదంతా చెప్పి ఆమె చివరికి అంది.

"నీళ్ళొచ్చినాయని సంబరపడితిమి తంగీ. నీళ్ళ వెంబడే కట్టెలు కూడా వచ్చినాయి."

నేను నా చేదతో ఆమె చేదను మెల్లగా తట్టాను.

దాని తర్వాత పది రోజులకేమో, రెండు బండ్లనిండా బండలు వచ్చి మా వీధిలో దిగాయి. గోడను బావి అడుగుదాకా దించుతానని బావగారు అత్తతో చెప్పి పంపారు. అప్పుడు ఎవరి నీళ్ళు వాళ్ళవి, దొంగచాటు తోడుడు ఉండదు, వంతుల గొడవ ఉండదు. మా ఆయన కూడా రోషంగా కట్టుకోమను, నాకేం భయం అన్నాడు. అడుగున గోడ పునాది వేయాలంటే బావి ఖాళీ చేయాలి. మరునాడు పొద్దున అన్న అటునుంచి, తమ్ముడు ఇటునుంచి ఒక్క మాట లేకుండా చేదలు వేశారు. మూడేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. ఉన్న కాసిని నీళ్ళు ఇరుగుపొరుగు బిందెల్లోకి పోయాయి. వీధంతా రెండు పెరళ్ళలో నిండింది. నేను కడుపు మోసుకుంటూ అత్త పక్కన బావిగట్టుమీద కూర్చున్నాను.

ఎండ నిలువునా బావిలో పడేవేళకు అడుగు కనిపించింది. గోడ కట్టడానికి వచ్చిన బేల్దారి దారం పట్టుకుని దిగి, దూలానికి సరిగ్గా కింద సున్నంతో గీత గీశాడు. ఆ గీతకు ఇటుపక్క, మా దిక్కున, నల్లటి రాయి పొడిగా ఉంది. అటుపక్క రాతి చీలికలోనుంచి వేలెడు లావు నీళ్ళు వస్తున్నాయి. ఉన్న ఊటంతా అదొక్కటే. వీధిలో ఆడవాళ్ళు నా కడుపు వంక చూసి కళ్ళు దించుకున్నారు. గోడ దిగితే మా ఇంట్లో గొంతు తడుపుకోవడానికి చుక్క ఉండదు. అత్త తమలపాకులు దంచడం మానేసి దంచే బండను ఒళ్ళో పెట్టుకుంది.

ఊట చూస్తానని బావగారు రాళ్ళ సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగారు. ఒక క్షణం తర్వాత మా ఆయన కూడా ఇటునుంచి దిగాడు. బేల్దారి పైకొచ్చేశాడు. అడుగున గోడ లేదు కదా, అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పైనుంచి మాకు రెండు తలలు, సున్నపు గీత కనిపిస్తున్నాయి. మాటలు బావిలో తిరిగి తిరిగి గుమ్మని వస్తున్నాయే గాని ఒక్కటీ అర్థం కాలేదు. ఏమంటాండారే అని అత్త నన్నడిగింది. నాకూ వినపడడం లేదన్నాను. గోడకవతలినుంచి అక్క, అడగకపోయినా, నాకూ తెలుస్తలేదత్తా అంది. ఆమె అందరి ముందూ మా దిక్కు మాట్లాడింది అప్పుడే. ఎవరూ తప్పు పట్టలేదు, అందరి చెవులూ బావిలోనే ఉన్నాయి.

లోపల ఏమన్నారో మా ఆయన తర్వాత చెప్పాడు. బావగారు ఊటమీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే వంగి ఉన్నారట. తనకే ఊట దొరికిందన్న సంతోషం ఆ మొహంలో ఏ మూలా లేదట. అడుగున ఊట సగం సగం ఉంటుందనుకున్నారాయన.

"నా దిక్కే వచ్చిందిరా. ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు కట్టుకో అన్నా. నేను ఆదోనికి పోతా."

"పోయి ఏం చేస్తావు?"

"ఏదో ఒక పత్తిమిల్లులో కూలికి కుదురుకుంటా."

"నీకు మగ్గం తప్ప ఏమొచ్చురా," అన్నారట బావగారు. అని, చిన్నప్పుడు ఇదే బావిలో ఈత నేర్పుతుంటే ఈ తమ్ముడే తన మెడ పట్టుకుని వేలాడిన సంగతి ఎత్తారట. వదిలితే మునుగుతానని అప్పుడు ఏడ్చినావు, ఇప్పుడు ఇంత సులువుగా పోతానంటావేమిరా అని అడిగారట. మా ఆయనకు అక్కడ ఏడుపు వచ్చింది. ఆ మాట నాతో చెప్పేటప్పుడు మాత్రం, బావిలో మన్ను కంట్లో పడిందని చెప్పాడు.

బావగారు ముందుగా అటుపక్క పైకొచ్చారు. గోడకవతల జరిగింది అక్క తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. పంచె అంతా బురద. వీధంతా ఆయన వంకే చూస్తోంది. గోడ కట్టిస్తానని ఊరంతా చాటిన మనిషి, బండలు వీధిలో పడి ఉన్నాయి, ఊట తన దిక్కు పడింది. వద్దంటే ఓడినట్టు, కడితే తమ్ముణ్ణి వెళ్ళగొట్టినట్టు. ఆయన చేతులు కడుక్కోవడానికి నీళ్ళకోసం చూశారు. అక్క చెంబుతో ఇచ్చింది. చేతులు నిదానంగా కడుక్కుని, బేల్దారి దిక్కు తిరిగారు.

"అడుగున రాయి గట్టిగా లేదు. గోడ నిలబడదు."

ఆ రాయి ఏనుగు తొక్కినా కదలని రాయి. బేల్దారి అదే చెప్పడానికి నోరు తెరిచి, బావగారి కళ్ళల్లోకి చూశాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది కాసేపు.

"అవునప్పా," అన్నాడు. "నిలబడదు. నేనూ అదే చూసినా."

వీధిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. రాయి గుల్లగా ఉందని, తాము ముందే అనుకున్నామని, ఇట్లాంటి రాయిమీద కడితే పిల్లలున్న ఇళ్ళకు ప్రమాదమని తలా ఒక మాట అన్నారు. అంతమంది కలిసి అంత సంతోషంగా ఒక అబద్ధం ఆడటం నేను మళ్ళీ చూడలేదు. బేల్దారి మాత్రం పని లేకుండా పోయిందే అని తన సుత్తి, ఉలి మూట కట్టుకుంటున్నాడు. అప్పుడు అత్త గట్టుమీదనుంచి కదలకుండానే అతన్ని పిలిచింది.

"పిలిపించినాక ఊరకే పోతావా నాయనా. ఆ గోడకు ఒక కిటికీ పెట్టిపో. ఇద్దరు కోడండ్లు ఎన్నాళ్ళని గిలకలతో మాట్లాడుకుంటారు?"

మా రహస్యం ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట. మా ఆయన అప్పుడే పైకొచ్చి, గట్టుమీద కూర్చుని తల తుడుచుకుంటూ, పెట్టమను అన్నాడు. పొద్దు వాలేలోపు గోడలో, మా రొమ్ముల ఎత్తున, బిందె పట్టేంత సందు పడింది. దుమ్ము అణిగాక అందులోనుంచి అక్క మొహం కనిపించింది. వీధిలో దూరంనుంచి ఓరగా చూడటం వేరు. దగ్గరనుంచి చూస్తే ఆమె చిక్కిపోయింది, చెంపల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆమె సందులోనుంచి చెయ్యి చాపి నా కడుపుమీద పెట్టింది. చేతికి ఇండిగో రంగు అంటి ఉంది. నా చీరమీద అయిదు వేళ్ళూ నీలంగా పడ్డాయి. ఎంత ఉతికినా అవి పోలేదు, నేనూ గట్టిగా ఉతకలేదు.

ఆ తర్వాత అన్నదమ్ములు మనుషుల్ని పెట్టి బావిని ఇంకా లోతు చేయించారు. రెండు దిక్కులా నీళ్ళు పడ్డాయి. తొలకరి కూడా మరీ ఆలస్యం చేయలేదు. మా ప్రాంతానికి కాలువ నీళ్ళు వచ్చాక బావగారు నూలు జాడించడానికి బండి కట్టుకుని అక్కడికే పోయేవారు, కొన్నాళ్ళకు ఆ బండి తోలేది మా ఆయనే అయ్యాడు. వీధిలో పడున్న బండల్ని చెరిసగం పంచుకుని రెండు పెరళ్ళలో పరుచుకున్నారు. అన్నదమ్ములు కొట్లాడకుండా పంచుకున్న వస్తువు అదొక్కటే అని అత్త అనేది. పాడ్యమినాడు పెట్టె మోసుకుని వాకిళ్ళు మారడం మాత్రం ఆమె మానలేదు, నాకు రెండిళ్ళున్నాయి, ఒకటెందుకు వదులుకోవాల అనేది. అక్క చెల్లెలి సంబంధం తిరిగి కుదరలేదు. ఆ పిల్లను ఇంకెక్కడో ఇచ్చారు, బాగానే బతికింది. కానీ ఆ రెండు ఊళ్ళమధ్య చాలాకాలం పెళ్ళిళ్ళు జరగలేదని అక్క అప్పుడప్పుడూ చెప్పుకుని బాధపడేది.

మా వీధికి కొళాయిలు వచ్చాయి, బావిమీద బండ కప్పారు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, మేము పిల్లల వెంట ఆదోనికి వచ్చేశాం. అత్త, బావగారు, మా ఆయన, చివరికి అక్క కూడా, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ఆ బావిగట్టుమీద ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న ఆ ఒక్క మధ్యాహ్నం ఎంతకీ తరగలేదు. దాని తర్వాత వచ్చిన అరవై డెబ్భై ఏళ్ళు మాత్రం ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో తెలియనే లేదు.